గుండ్లగుట్ట పెళ్లి కార్డులు

పోస్టుకార్డు మీద ఎంత మంచి మాట రాసినా, దాని చుట్టూ నల్ల అంచు గీసి పంపితే ఏమవుతుందో డ్రాయింగు టీచరు కుముదవల్లికి 1982 ఆగస్టులో ఒక బుధవారం పొద్దున తెలిసొచ్చింది. తెలిసొచ్చింది అనడం కూడా మర్యాదకే. బడి గేటు దగ్గర ఒక ముసలమ్మ కూలబడి గుండెలు బాదుకుంటుంటే ఎవరికైనా తెలియక ఏం చేస్తుంది.

ఆ ముసలమ్మ పేరు సిద్ధమ్మ. పూతలపట్టు దగ్గరి పల్లె నుంచి తొలి బస్సు పట్టుకుని ఐరాలలో దిగి, అక్కడి నుంచి నాలుగు మైళ్లు నడిచి మిట్టకొత్తూరు హైస్కూలుకు వచ్చింది. వెంట ఇద్దరు కోడళ్లు, ఒక తమ్ముడు. తమ్ముడి చంకలో కొత్త తెల్లగుడ్డ. సిద్ధమ్మ చేతిలో కార్డు.

"నా పంకజాక్షీ, పదమూడేండ్లకే పోతివే తల్లీ. ముసిలిదాన్ని నన్నిడిసిపెట్టి నిన్నెట్ల తీసకపోయినాడే ఆ దేవుడు."

ఎనిమిదో తరగతి గదిలో లెక్కలు చేసుకుంటున్న పంకజాక్షి, తన పేరు పెట్టి ఎవరో ఏడుస్తున్నారని విని బయటికి వచ్చింది. "ఏందవ్వా, ఈడికొచ్చినావు?" అని అడిగింది.

సిద్ధమ్మ ఏడుపు ఆపింది. మనవరాలిని కిందికీ పైకీ చూసింది. జబ్బ మీద గిల్లి చూసింది. పిల్ల "అబ్బా" అనేసరికి నమ్మకం కుదిరి, మిగిలిపోయిన ఏడుపంతా అదే రాగంలో సంతోషానికి ఏడ్చేసి, అది బళ్లో టీచరమ్మ రాయించిన కార్డని పిల్ల నోట విని, లేచి కొంగు నడుముకు దోపుకుంది. "ఈ కార్డు రాయమన్నది ఎవురు? ఆయమ్మను నాకు సూపించు" అంది.

ఆయమ్మ స్టాఫ్ రూము తలుపు వెనకే ఉంది. ముప్పై తొమ్మిదేళ్ల మనిషి, పదమూడేళ్ల సర్వీసు, ఏనాడూ పిల్లలను ఒక దెబ్బ కొట్టి ఎరగదు. అప్పటికప్పుడు గోడ దూకి తిరుపతి పారిపోదామా అని ఆలోచిస్తోంది.

కుముదవల్లిది తిరుపతి. తండ్రి దేవస్థానం ఆఫీసులో చిన్న గుమాస్తా. చిన్నప్పటి నుంచి ఆమెకు బొమ్మల పిచ్చి. డ్రాయింగు పరీక్షలు లోయరూ హయ్యరూ రెండూ పాసై టీచరైంది. పెళ్లి సంబంధాలు వచ్చాయి, పోయాయి. వచ్చినవాళ్లకు బొమ్మలేసే పిల్ల ఎందుకని, ఆమెకు బొమ్మలొద్దనే మొగుడెందుకని. ఉద్యోగం మిట్టకొత్తూరులో పడ్డాక అక్కడే ఒక గది అద్దెకు తీసుకుని ఉండిపోయింది. తల్లి సుందరవల్లికి చదువు రాదు. అందుకని కూతురు వారం వారం కార్డు మీద ఉత్తరానికి బదులు బొమ్మ వేసి పంపేది. జ్వరం తగ్గితే పొయ్యి మీద గంజి గిన్నె బొమ్మ. వాన పడితే గొడుగు కింద తన బొమ్మ. ఆ కార్డులు చూసి తల్లికి అంతా అర్థమయ్యేది. బొమ్మ వేసిన కార్డు మాట కంటే దూరం పోతుందని కుముదవల్లికి అక్కడే తెలిసింది.

ఇక ఆ నల్ల అంచు కార్డుల వెనక ఉన్నది గుండ్లగుట్ట. బడి గోడకు ఆనుకునే ఉంటుంది, ఆరెకరాల వాలు, ఒంటి మీద ఒక్క చెట్టు లేదు. ఆ ఏడు జూన్‌లో చిత్తూరు నుంచి ఒక కాంట్రాక్టరు వచ్చి ఆ గుట్టను రాళ్లకు అడిగాడు. రెండేళ్ల కిందట ఇంకో ఊళ్లో ఇలాగే బడి పక్కన క్వారీ పెట్టారు. మందు పేలినప్పుడల్లా పెంకులు రాలేవి. ఆరు నెలలకు బడిని మూడు మైళ్ల అవతలికి మార్చారు. మగపిల్లలు నడిచి పోయారు. ఆడపిల్లలను మాత్రం అంత దూరం ఎవరు పంపుతారని ఇళ్లల్లో మాన్పించేశారు, ఒక్కటంటే ఒక్క పిల్ల మిగల్లేదు. మిట్టకొత్తూరు బడిలో తొంభై నలుగురు ఆడపిల్లలున్నారు. గుట్ట పోతే వాళ్ల చదువూ పోయినట్టే. ఈ మాట హెడ్మాస్టరుకు తెలుసు, ఊరికి తెలుసు, కానీ కడుపులో పెట్టుకుని బాధపడిన మనిషి కుముదవల్లి ఒక్కతే.

గుట్టను బడికే ఇవ్వమని ఆమె అర్జీ రాసింది. తాశీల్దారు వచ్చి వాలు చూశాడు. మంచివాడే, కాకపోతే అర్జీలు చదివీ చదివీ విసిగిపోయినవాడు.

"కాగితాలు నాకొద్దమ్మా. వచ్చే జూన్‌లో మీ బడి తెరిచేనాటికి ఈ వాలు మీద మూడు నూర్ల మొక్కలు ప్రాణంతో ఉంటే బడికే రాస్తాను. లేదంటే కాంట్రాక్టరుకు సంతకం పెడతాను. ఎండాకాలం దాటిన మొక్కలే లెక్క" అన్నాడు.

హెడ్మాస్టరు బాలసుబ్రమణ్యం ఆయన జీపు కదిలేదాకా చేతులు కట్టుకుని నిలబడి, కదలగానే తల పట్టుకున్నాడు. "మూడు నూర్ల మొక్కలు యాణ్నించి తెస్తామమ్మా? నీళ్లెవురు పోస్తారు? ఊళ్లో సగం మంది క్వారీ వస్తే కూలి దొరుకుతాదని సూస్తా ఉండారు."

ఊరిని అడిగి లాభం లేదని కుముదవల్లికీ తెలుసు. అయితే బడిలో మూడు వందల పన్నెండు మంది పిల్లలున్నారు. ఒక్కొక్కరికి ఏదో ఒక ఊళ్లో అమ్మమ్మో మేనమామో ఉంటారు. పిల్లలందరి చేతా జవాబు కార్డులు తెప్పించింది. జవాబు కార్డంటే రెండు కార్డులు అతికి ఉంటాయి. ఒకటి మనం రాసేది, రెండోది వాళ్లు చింపి తిరిగి మనకు పంపేది. ఒక్కో పిల్లా తనకు నచ్చిన చెట్టు బొమ్మ వేసి, 'మా గుట్టకు చెట్లు లేవు. మీ ఊరి చెట్టు బొమ్మ వేసి పంపండి, ఆ చెట్టు మొక్క ఒకటి ఇవ్వండి' అని రాయాలి. బాగానే ఉంది. పిల్లలు బ్రహ్మాండంగా వేశారు. అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు. కానీ డ్రాయింగు పరీక్షలో బొమ్మ చుట్టూ అంచు గీయకపోతే మార్కులు తెగ్గోస్తారు. పదమూడేళ్లుగా ఆమె పిల్లలకు నేర్పింది అదే. నల్ల ఇంకు సీసా తెచ్చి, స్కేలు పెట్టి, మూడు వందల పన్నెండు కార్డులకూ నాలుగు వైపులా నల్లగా, తీరుగా, వేలి మందం అంచు గీయించింది.

మన వైపు నల్ల అంచు కార్డు వచ్చిందంటే దానికి ఒక్కటే అర్థం. చావు కబురు. దాన్ని గడప దాటించరు. బయటే చదివి, బయటే చించి, తలకు పోసుకుని లోపలికి వస్తారు. ఇది కుముదవల్లికి తెలియక కాదు, వాళ్లింట్లోనూ అంతే. తెలిసీ తట్టలేదు. ఆమె కంటికి అది అంచు, అంతే.

చదవడం వచ్చినవాళ్లు కూడా అంచు చూశాక అక్షరాలు చూడలేదు. ఏర్పేడులో ఒకాయన కార్డును వీధిలోనే చించి పారేసి, బావి దగ్గర తలకు పోసుకుని, తుడుచుకుంటూ ఉండగా పోయిందెవరో చూడలేదని గుర్తొచ్చి, ముక్కలు ఏరుకుని అరుగు మీద అతికించుకున్నాడట. కొందరు సంతాపం తెలుపుతూ జవాబు కార్డు రాశారు. ఒకాయన కర్మాంతరం ఏనాడో తెలపమన్నాడు. బొమ్మ వేసి పంపినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

పోస్ట్‌మ్యాన్ మునిరామయ్యను తర్వాతొకనాడు పట్టుకుని అడిగింది కుముదవల్లి. "ఏమప్పా, ఇన్ని నల్ల కార్డులు సంచిలో వేసుకుని పోయినప్పుడైనా ఒక మాట చెప్పగూడదా?"

"అనుమానం వచ్చిందమ్మా" అన్నాడు మునిరామయ్య నిజాయితీగా. "ఒకే ఊర్లో ఒకే నాడు మూడు నూర్ల పన్నెండు సావులేంది అనుకున్యా. కానీ దుఃఖంలో ఉండే మనుషుల్ని అడిగితే బాగుండదని ఊరుకున్యా."

అదీ సంగతి. ఆ బుధవారం పొద్దున సిద్ధమ్మ స్టాఫ్ రూము తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. కుముదవల్లి గోడ దూకలేదు, ఆ గోడ ఎత్తు ఎక్కువ. రెండు చేతులూ జోడించి నిలబడింది. ముసలమ్మ ఒక పావుగంట తిట్టింది. తిట్లలో తిరుపతి నుంచి వచ్చిన టీచర్లు, కార్డులు కనిపెట్టిన దొరలు, చదువు అనే వస్తువు, అన్నీ వచ్చాయి. తిట్లు అయ్యాక కుముదవల్లి, నాలుగు మైళ్లు నడిచి వచ్చినవాళ్లను తన గదికి తీసుకుపోయి కాళ్లకు నీళ్లిచ్చింది, రాగిసంగటి లేదు కాబట్టి అన్నమే వండి పెట్టింది, మజ్జిగ పోసింది.

కడుపు నిండాక సిద్ధమ్మ ఆ కార్డును మొదటిసారి సరిగ్గా చూసింది. "ఇది సింతసెట్టు గదా" అంది. "మా కళ్లం కాడ ఉండేదే. కొమ్మ ఒగటి ఇరిగిపోయిండేది గూడా ఏసినాది నా మనమరాలు." కాసేపు వేలితో తడిమింది. మళ్లీ కోపం వచ్చింది. "ఇంత పచ్చని సెట్టుకు సావు అంచు ఎందుకు పెట్టిస్తివే తల్లీ? నాలుగు మూలలా పసుపు పెట్టి పంపింటే అరిటిగెల నెత్తిన పెట్టుకోని వచ్చుండనా?"

కుముదవల్లి చేతిలోని మజ్జిగ చెంబు అలాగే ఆగిపోయింది. పసుపు పెట్టిన కార్డు అంటే పెళ్లి పిలుపు. పెళ్లికి పిలిస్తే మన వైపు జనం పని మానుకుని వస్తారు, బస్సు లేకపోతే బండి కట్టుకుని వస్తారు, పాత తగాదా ఉన్నా వస్తారు. పిలిచినా పోకపోతే అది ఏడేళ్లు చెప్పుకునే తప్పు. పైగా ఎవరూ ఒట్టి చేతులతో రారు.

హెడ్మాస్టరు ఒప్పుకోలేదు. "ఇంగ కార్డుల మాట ఎత్తొద్దమ్మా. ఈ దెబ్బకే నాకు మెమో వస్తాదేమోనని దడగా ఉండాది" అన్నాడు. ఆయనకు జవాబు చెప్పింది కుముదవల్లి కాదు.

"అయివారూ" అంది సిద్ధమ్మ. "సావని తప్పుగా తెలిస్తేనే పనులిడిసిపెట్టి పరిగెత్తి వచ్చినాం. పెళ్లని పిలిస్తే రామా?"

ఆ మాటతో బాలసుబ్రమణ్యం సరేనన్నాడు. పిల్లలు మళ్లీ కార్డులు పట్టారు. ఈసారి అంచు లేదు. నాలుగు మూలలా పసుపు, మధ్యలో గుట్ట బొమ్మ. కింద కుముదవల్లి చెప్పిన మాటలు: 'మా గుండ్లగుట్టను వానదేవుడికిచ్చి కార్తీక మాసం రెండో ఆదివారం పెళ్లి చేస్తున్నాము. పెళ్లికూతురికి కట్టుకోను పచ్చకోక లేదు. తాము సకుటుంబంగా ఒక మొక్కతో విచ్చేసి గుట్టను ఆశీర్వదింప ప్రార్థన. తెచ్చే మొక్క బొమ్మను జవాబు కార్డు మీద వేసి ముందుగా పంపితే దానికి తగిన గుంత తీసి పెట్టుకుంటాము.' తన పెళ్లికి ఒక్క శుభలేఖ రాయని మనిషి, ఆ వారంలో మూడు వందల పన్నెండు శుభలేఖలు దిద్దింది, తల్లికి తనే ఇంకొకటి వేసి పంపింది. చేతి వేళ్లన్నీ పసుపు పచ్చగా మారిపోయాయి. వాటిని చూసుకుని ఆమె తనలో తను నవ్వుకుంది, సిగ్గుపడాల్సిన అవసరం ఏమీ కనపడలేదు.

నాలుగో రోజు నుంచి జవాబులు వచ్చాయి. మునిరామయ్య సైకిలు బడి దగ్గర ఆగితే పాఠాలు ఆగిపోయేవి. బతుకులో పెన్సిలు పట్టనివాళ్లు వేసిన బొమ్మలు. గొడుగులాంటి వేపచెట్టు. కాయలు మాత్రమే ఉండి ఆకులు లేని మామిడి, ఆయన చూసేది కాయలనే కాబోలు. చెట్టు కంటే పెద్దగా మేకను వేసి, పక్కన 'దీనికి అందకుండా నాటండి' అని రాసిన కానుగ. సంతకం రానివాళ్లు బొటనవేలు సిరాలో ముంచి, కాండం చుట్టూ వేలిముద్రలే ఆకులుగా వేశారు. సిద్ధమ్మ చింతచెట్టు అలాంటిదే, యాభై వేలిముద్రలు. తాకట్టు కాగితాల మీద తప్ప వేలు పెట్టి ఎరగని మనుషులు అలా చెట్లు మొలిపించారు.

ఒక కార్డు తిరుపతి నుంచి వచ్చింది. మీద అడ్రసు ఎవరితోనో రాయించినట్టుంది. వెనక పొగడ చెట్టు. గీతలు వణికాయి, కొమ్మలు ఒకదాన్నొకటి తోసుకున్నాయి, కింద రాలిన పూలు మాత్రం ఒక్కొక్కటిగా లెక్కగా ఉన్నాయి. పదమూడేళ్లు కూతురి బొమ్మలు చూస్తూ కూర్చున్న సుందరవల్లి మొదటిసారి జవాబు రాసింది. కుముదవల్లి పిల్లల ముందే ఏడ్చింది, దాచుకోలేదు.

రెండు వందల డెబ్బై కార్డులు వచ్చాయి. వాటిని బడి వరండా గోడకు అంటించి, ఏ కార్డుకు ఏ గుంతో పిల్లలు నంబర్లు వేశారు. చింతకు పెద్ద గుంత, దూరంగా. మునగకు చిన్నది, దగ్గరగా. గుట్ట మీద గడ్డపారలు రెండు నెలలు మోగాయి. ఊళ్లో పంచాయతీ ప్రెసిడెంటు చెంగల్రాయుడు క్వారీ పక్షం. అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తూ, "రాళ్లకు పెళ్లంట, కార్డు సూస్తే నవ్వొస్తా ఉండాది. వచ్చేదెవురో సూస్తాంగా" అనేవాడు.

కార్తీకం రెండో ఆదివారం వచ్చింది. తొమ్మిది గంటలకు ఒక్కరూ లేరు. కుముదవల్లి కొత్త చీర కట్టుకుని గేటు దగ్గర నిలబడి, ఈసారి కూడా తప్పే చేశానా అనుకుంది. చెంగల్రాయుడు అరుగు మీద కాలు మీద కాలు వేసుకున్నాడు. తొమ్మిదిన్నరకు ఐరాల దారిలో దుమ్ము లేచింది. ముందు సిద్ధమ్మ, చెప్పినట్టే నెత్తిన అరటిగెల, చంకలో చింతమొక్క. వెనక పూతలపట్టు బస్సు దిగినవాళ్లంతా. ఆ వెనక బండ్లు. పాలడబ్బాల్లో మొక్కలు, తాటాకు బుట్టల్లో మొక్కలు, తడిగుడ్డ చుట్టి పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్న మొక్కలు. ఏర్పేడు ఆయన, అతికించుకున్న పాత కార్డు కూడా తెచ్చి, చూపించి, దెబ్బలాడి, ఆ తర్వాత రెండు వేపమొక్కలు ఇచ్చాడు. పన్నెండు గంటలకు మిట్టకొత్తూరులో నిలబడడానికి చోటు లేదు.

అప్పుడొచ్చింది అసలు చిక్కు. ఏడెనిమిది వందల మంది పెళ్లికొచ్చారు. వాళ్లకు అన్నం ఎవరు పెడతారని కుముదవల్లి ఆలోచించనే లేదు. బొమ్మలేసే వాళ్ల బుద్ధి అంతే. తన గదిలో ఉన్నది పది శేర్ల బియ్యం. తన ఊరికి పెళ్లికొచ్చినవాళ్లు ఆకలితో తిరిగిపోతే ఆ అప్రదిష్ట టీచరుది కాదు, ఊరిది. అరుగు మీద కూర్చున్న చెంగల్రాయుడు కాలు కిందికి దించాడు. దారిన పోతున్న ఒక ముసలాయన ఆయన్ను చూసి, "పెళ్లిపెద్ద మీరేనా అప్పా?" అని అడిగాడు. చెంగల్రాయుడు లేచి నిలబడ్డాడు.

"గుట్ట సంగతి మళ్ల సూసుకుందాం" అన్నాడు తన ఇంట్లోకి చూసి. "ముందు పొయ్యిలు రాజేయండి. ఇంటింటికీ పోయి సెప్పండి, ఊరు పరువు పోతాది."

క్వారీ కావాలన్న ఇళ్లల్లో కూడా ఆ రోజు సాంబారు కాగింది. వడ్డించిన చేతులు ఊరికే ఉండవు కదా, తిన్నవాళ్లతో పాటు గుట్టెక్కి మొక్కకు మట్టి తోశాయి. సాయంత్రానికి నాలుగు వందల పన్నెండు మొక్కలు నాటారు. కార్డు పంపనివాళ్లు కూడా తెచ్చారు మరి. వానదేవుడు మాత్రం ముహూర్తానికి రాలేదు. మూడో రోజు వచ్చాడు, రెండు వారాలు ఉండిపోయాడు.

మొక్క నాటడం ఒక రోజు పని, బతికించడం రెండొందల రోజుల పని. మార్చి దాకా పిల్లలు నీళ్లు మోశారు. మొక్క పక్కన కుండ పాతి, అడుగున చిల్లుకు గుడ్డ పీలిక పెడితే కడివెడు నీళ్లు వారం వస్తాయని ఊరి ఆడవాళ్లు చూపించారు. పాత కుండలన్నీ గుట్టెక్కాయి. ఏప్రిల్‌లో బడి మూశారు, పిల్లలు అమ్మమ్మల ఊళ్లకు పోయారు. ఆ ఏడు ఎండలు రాళ్లను పగలగొట్టాయి. కుముదవల్లి తిరుపతి పోలేదు. ఒక్కతే పొద్దున ఆరు కడవలు, సాయంత్రం ఆరు కడవలు మోసింది. వారం తిరిగేసరికి ముప్పై మొక్కలు మాడిపోయాయి. లెక్క చూసుకుంటే జూన్‌కు రెండు వందలు కూడా మిగలవు.

గదిలో కూర్చుని మళ్లీ కార్డులు తీసింది. గోడకు అంటించిన బొమ్మలు చూసి, ఏ చెట్టు పంపినవాళ్లకు ఆ చెట్టు బొమ్మే వేసింది, తలవాల్చినట్టు. పక్కన ఖాళీ కడవ. మూలల్లో పసుపు మాత్రం మరిచిపోలేదు. 'మీరు మా ఊరికి ఇచ్చిన బిడ్డ దప్పికగా ఉంది, ఒకసారి వచ్చి చూసి పొండి' అని ఒక్క వాక్యం.

ఇచ్చిన బిడ్డ దప్పికతో ఉందని తెలిస్తే పుట్టింటివాళ్లు ఊరుకుంటారా. కాణిపాకం మొక్కుకు పోయేవాళ్లు దారి తిప్పుకుని వచ్చారు. ఒకాయన బండి మీద పీపాలో నీళ్లు తెచ్చాడు. సిద్ధమ్మ ప్రతి శుక్రవారం వచ్చింది, తన చింతకు పోసి, పక్కనున్న ఎవరెవరి మొక్కలకో పోసి, "ఈ ఏప పంపించినోళ్లు ఎవురో గానీ సూడను రాలే, మనుషులా వాళ్లు" అని తిట్టి పోయేది. బయటివాళ్లు అంత దూరం నుంచి వచ్చి నీళ్లు పోస్తుంటే చెంగల్రాయుడికి చూస్తూ కూర్చోవడం కుదరలేదు. తన బావి మోటారు గొట్టం గుట్ట అడుగుదాకా లాగించాడు, ఎవరూ అడగకుండానే. ఎందుకు చేశావని కూలోళ్లు అడిగితే, "నా ఊర్లో ఇచ్చిన బిడ్డలు ఎండిపోతే నా మొగాన ఎవురైనా ఉమ్మరా" అన్నాడట.

జూన్ పదమూడున బడి తెరిచారు. అదే రోజు పదకొండింటికి తాశీల్దారు వచ్చాడు, జీపులో వెనక కాంట్రాక్టరు. కబురు తెలిసి ఊరంతా వాలు కింద చేరింది. కుముదవల్లి లెక్క ప్రకారం మూడు వందల ఇరవై ఆరు బతికాయి. కానీ ఆమె లెక్కను నమ్మాల్సింది ఆమె కాదు.

కాంట్రాక్టరు ఒకసారి చుట్టూ చూసి నవ్వాడు. "సార్, వనమహోత్సవాల్లో సూడలేదా మనం. రాత్రికి రాత్రి కొమ్మలు నరికి గుచ్చినారు. ఇవి మొక్కలు కాదు, పుల్లలు."

అలాంటివి తాశీల్దారు చాలా చూసినట్టున్నాడు. వంగి ఒక వేపమొక్కను మొదట్లో పట్టుకుని లాగాడు. రాలేదు. నాలుగడుగులు వేసి కానుగను లాగాడు. అదీ రాలేదు. ఇంకాస్త పైకెక్కి మరో నాలుగు మొక్కలు చూశాడు. కాంట్రాక్టరు వెతికి వెతికి ఒక చింతమొక్కను చూపించాడు. దాని ఆకులన్నీ మేక మేసిపోయింది, చూడ్డానికి అచ్చంగా ఎండుపుల్లే. "దీన్ని లాగండి సార్, తెలిసిపోతాది."

తాశీల్దారు రెండు చేతులా పట్టుకుని లాగాడు. బెరడు ఊడి అరచేతికి అంటింది, లోపల పచ్చగా ఉంది. మొక్క కదల్లేదు. కాలు రాతికి తన్ని పెట్టి మళ్లీ లాగాడు. జనంలోంచి ఒక గొంతు వినిపించింది.

"సాలప్పా" అంది సిద్ధమ్మ. "ఇంగ లాగితే గుట్ట లేసి వస్తాది."

ముందు పిల్లలు నవ్వారు, తర్వాత ఊరు నవ్వింది, తాశీల్దారు కూడా చేతులు దులుపుకుంటూ నవ్వాడు. కాంట్రాక్టరు ఒక్కడే నవ్వలేదు, ఆయన జీపెక్కి కూర్చున్నాడు. వెంట వచ్చిన గుమాస్తా పిల్లలను వెంటేసుకుని వాలంతా తిరిగి లెక్కపెట్టాడు. మూడు వందల ఇరవై ఎనిమిది. కుముదవల్లి కంటపడని రెండు మునగలు ఒక బండ వెనక బతికి ఉన్నాయి.

తాశీల్దారు జీపు బానెట్ మీద రిజిస్టరు పెట్టి రాశాడు. కుముదవల్లి దగ్గరికి పోయి, "ఏం రాశారండీ?" అని అడిగింది. అడగకుండా ఉండలేకపోయింది.

"ఇంతవరకు గుట్ట పోరంబోకు అని ఉండె. ఇప్పుడు తోపు పోరంబోకు అని రాసినాను, బడి కింద" అన్నాడు. "తోపు అని రాసినాక దాన్ని రాళ్లకు ఇయ్యడం నా చేత కాదమ్మా."

జీపు పోయింది. జనం ఆమెను పేరు పెట్టి పిలుస్తున్నారు, బాలసుబ్రమణ్యం మైకు లేకుండానే ఉపన్యాసం మొదలుపెట్టాడు, చెంగల్రాయుడు కాఫీలు తెమ్మని కేకేస్తున్నాడు. కుముదవల్లి ఎవరి వైపూ చూడలేదు. నేరుగా ఆరో తరగతి గదిలోకి పోయింది. కొత్తగా చేరిన పిల్లలు బెంచీల మీద బిక్కుబిక్కుమంటూ ఉన్నారు. ఆ ఏడు చేరిన ఆడపిల్లలు ఇరవై ఏడుగురు, అంతకు ముందు ఏడాదికి దాదాపు రెట్టింపు. రిజిస్టరు తెరిచి, ఒక్కో పేరూ వరండా చివరికి వినపడేటంత గట్టిగా పిలిచింది. ఇరవై ఏడు గొంతులు ఒకదాని వెంట ఒకటి "ఉన్నానండీ" అన్నాయి.